ఎనిమిది దీపాలు, ఒక సేవకుడు

కుంతలగిరి యువరాజు శరభాంకుడు ఎనిమిది రోజులుగా గిన్నెలు తోముతున్నాడు.

మదపుటేనుగును తొండం పట్టి నిలిపినవాడు, పరుగెత్తే గుర్రం మీద నిలబడి ఎగిరే గద్ద ఈకను గురి చూసి కొట్టగలవాడు, ఇప్పుడొక ఇంటి పెరట్లో గొంతుక్కూర్చుని, బూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని, బూరెలు వేయించిన మూకుడుతో పోరాడుతున్నాడు. మూకుడే గెలుస్తోంది. దాని అడుగున మసి ఎంత ఉందో, యువరాజు ముక్కు మీద కూడా అంతే ఉంది. తలకు ముతక పాగా, నడుముకు మోకాళ్ళు దాటని పంచె. ఆ ఇంట్లో అందరూ అతన్ని గవరయ్య అని పిలుస్తారు. ఆ పిలుపు తనకేనని గుర్తుపెట్టుకోవడానికి అతనికి మూడు రోజులు పట్టింది.

అంతటివాడు ఆ మూకుడి దగ్గరికి ఎలా వచ్చాడంటే, దానికి కారణం శుక్తిపురానికి పట్టిన పీడ.

శుక్తిపురం పడమటి సముద్రపు ఒడ్డున వెలసిన మహానగరం. ఆల్చిప్పల సున్నంతో మెరిసే మేడలు, చందనపు గుమ్మాలకు వేలాడే ముత్యాల సరాలు, రేవులో నూరు దేశాల ఓడల తెరచాపలు. మిరియాల ఘాటూ సాంబ్రాణి పొగా ఎండుచేపల వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ వీధుల్లో ఊరేగేవి. అలాంటి నగరానికి మూడు నెలలుగా సాయంత్రమంటే హడలు. తీరానికి అర కోసు దూరాన, ఎడతెగని సుడిగుండం నడుమ, ఒక నల్లరాతి గుట్ట మీద పాత బురుజుంది. అందులో తమోఘోషుడనే మాంత్రికుడున్నాడు. పొద్దు గుంకి నేతగాడు మగ్గం ముందు దీపం పెట్టుకుంటే చాలు, ఆ మంట సముద్రం వైపు వంగేది, సాగేది, దారంలా తెగి ఎగిరిపోయేది. ప్రమిద మిగిలేది, వత్తి మిగిలేది, మంట మాత్రం ఉండేది కాదు. వంటింటి దీపం పోయింది, వైద్యుడి దీపం పోయింది, ఓడలకు దారి చూపే దివిటీ కూడా పోయింది. ముత్యాల జాతర చూడవచ్చిన కుంతలగిరి రాకుమారి మకరందికను సైతం ఆ మాంత్రికుడు పట్టపగలు పడవలోంచి ఎత్తుకుపోయాడు.

శరభాంకుడి చెల్లెలు ఆమె. అతను ఆ బురుజు చేరడానికి పదకొండుసార్లు ప్రయత్నించాడు. పదకొండుసార్లూ సుడిగుండం అతన్ని పడవతో సహా గిరగిర తిప్పి ఇసుకలో విసిరేసింది. పదకొండోసారి ఇసుకలోంచి లేస్తూ, కళ్ళు తుడుచుకుని చూస్తే, నగరమంతా కాటుక పూసినట్టుండగా సముద్రం వైపున్న ఒక్క కిటికీలో మాత్రం రెండు చిన్న దీపాలు నిటారుగా వెలుగుతున్నాయి. అవి వంగడం లేదు, వణకడం లేదు. అది యూదుల వీధి. ఎన్నో తరాల కింద ఓడల్లో వచ్చి స్థిరపడినవాళ్ళది.

ఆ దీపంలో ఏదో మంత్రలోహం ఉందని, దాన్ని చేజిక్కించుకుంటే తమోఘోషుణ్ణి చిత్తు చేయవచ్చనీ యువరాజు నిశ్చయించుకున్నాడు. అడిగితే ఇస్తారో ఇవ్వరో అని అడగలేదు. ఆ రాత్రే మారువేషం వేసుకుని, పండగ రోజుల్లో పనివాడు కావాలా అని ఆ ఇంటి తలుపు తట్టాడు. దొంగతనానికి వచ్చినవాడి చేతికి ఆ ఇంటి ముసలమ్మ ముందు రెండు వేడి బూరెలు ఇచ్చింది, తర్వాత చీపురు ఇచ్చింది.

ఆ ముసలమ్మ పేరు హదస్సా. భర్త ఎల్కానా కంచు పోతపోసేవాడు. ఆయన పోయాక కొలిమి ఆమే నడుపుతోంది. తోడుగా మనవరాలు సిప్పోరా ఉంది. పడవ తెడ్డు పట్టిందంటే రేవులో మగవాళ్ళు కూడా పక్కకు తప్పుకుంటారు, నోరు తెరిచిందంటే మరీ దూరంగా తప్పుకుంటారు. గవరయ్య సామాన్యుడు కాడని ఆమె మొదటిరోజే కనిపెట్టింది. కాకపోతే వెంటనే బయటపెట్టేస్తే సరదా ఏముందని ఊరుకుంది.

రెండో రోజు మాత్రం ఆగలేక అడిగింది. "గవరయ్యా, మీ ఊళ్ళో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయా?"

ఎందుకలా అడుగుతున్నావన్నాడతను.

"ఏ తలుపు దగ్గరికెళ్ళినా చేతులు కట్టుకుని నిలబడిపోతున్నావు. ఎవరో వచ్చి తీస్తారన్నట్టు."

ఆ పూట నుంచి శరభాంకుడు ప్రతి తలుపునూ శత్రువు కోటద్వారం బద్దలు కొట్టినట్టు తోయడం మొదలుపెట్టాడు. రెండు గడియలు విరిగాయి.

మంత్రలోహమని అతననుకున్నది తీరా దగ్గరికెళ్ళి చూస్తే మామూలు కంచు. ఎల్కానా పోసినది. ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఎనిమిది చిన్న గిన్నెలు. ఒక పక్కన, మిగతావాటికంటే జానెడు ఎత్తున, తొమ్మిదో గిన్నె. దానికి మాత్రం పిడి ఉంది, ఊడదీసి చేత్తో పట్టుకోవచ్చు. మొదటి సాయంత్రం ఒకే దీపం వెలిగించారు, రెండో సాయంత్రం రెండు, మూడో సాయంత్రం మూడు. తొమ్మిదో గిన్నెలోని దీపం ముందు వెలిగేది. దాన్ని చేత పట్టుకుని హదస్సా హెబ్రీ భాషలో దేవుణ్ణి స్తుతించి, దానితో మిగతావి అంటించేది. కొత్తగా చేరిన దీపాన్ని ముందు అంటించి, తర్వాత పాతవాటి వైపు వెళ్ళేది. కొత్తగా వచ్చినవాడికి ముందు వడ్డించడం మర్యాద కదా అని సిప్పోరా దానికి తన అర్థం తను చెప్పింది. పెద్దవాళ్ళు వేరే కారణం చెబుతారు, రోజురోజుకూ వెలుగు పెరగాలే గాని తరగకూడదని.

ఆ రెండో సాయంత్రమే యువరాజు కాలిలో ముల్లు దిగింది. దీపాల పక్కకు చేరి, పాదం ఒళ్ళో పెట్టుకుని, ముల్లు కోసం వెతకడం మొదలుపెట్టాడో లేదో, భుజం మీద గరిటె దెబ్బ పడింది. హదస్సా గరిటె అది. యుద్ధాల్లో కత్తిగాట్లు తగిలినప్పుడు కూడా శరభాంకుడు అంత ఉలిక్కిపడలేదు.

ఆ ఎనిమిది గిన్నెల్లోని దీపాల వెలుతురులో పని చేయకూడదని ఆమె చెప్పింది. చదవకూడదు, కుట్టకూడదు, కిందపడిన సూది కూడా వెతుక్కోకూడదు. అవి వెలుగుతున్నంతసేపూ ఇంటి ఆడవాళ్ళు ఏ పనీ ముట్టుకోరని కూడా చెప్పి, పీట మీద కాళ్ళు చాపుకుని సుఖంగా కూర్చుంది. మిగిలిన పనంతా ఎవరు చేశారో వేరే చెప్పనక్కర్లేదు.

"మరి ఆ ఎనిమిదీ దేనికి పనికొస్తాయవ్వా?" అన్నాడు శరభాంకుడు.

"దేనికీ పనికిరావు నాయనా. అందుకే వెలిగిస్తాం."

అతనికి బోధపడలేదని ముఖం చూస్తేనే తెలిసింది. అప్పుడామె నిదానంగా వివరించింది. చాలా కాలం కిందట యెరూషలేములో తమవాళ్ళకొక దేవాలయం ఉండేది. అందులో ఏడు కొమ్మల బంగారు దీపవృక్షం ఉండేది. ఒకే బంగారు ముద్దను సాగగొట్టి, అతుకు లేకుండా, బాదం పూలూ మొగ్గలూ తీర్చి చేసినది. ఒక పరాయి రాజు దండెత్తి వచ్చి ఆ దీపాలు ఆర్పించాడు, తమ పద్ధతులన్నీ మానేయమన్నాడు. మానని కొద్దిమంది కొండల్లోకి వెళ్ళి పోరాడి, మూడేళ్ళకు ఆలయాన్ని తిరిగి దక్కించుకున్నారు. దీపం పెడదామని చూస్తే శుద్ధమైన ఒలీవ నూనె ఒక్క రోజుకు సరిపడా ఒక చిన్న బుడ్డిలో దొరికింది. కొత్త నూనె ఆడి తేవాలంటే ఎనిమిది రోజులు పడుతుంది. అయినా వెలిగించారు. ఆ ఒక్క రోజు నూనె ఎనిమిది రోజులూ వెలిగింది.

ఏడు కొమ్మలది ఆ ఆలయానికే చెల్లు, అలాంటిది ఇళ్ళల్లో పోసి వెలిగించరు. ఆ ఎనిమిది రోజుల గుర్తుకు ఇది ఎనిమిది దీపాలది, హనుక్కియా. జరిగిన మేలు నలుగురికీ కనపడాలని కిటికీలో పెడతారు. చూసి సంతోషించడానికే గాని వాడుకోవడానికి కాదు. అయితే మనుషులన్నాక వెలుతురు అవసరం పడుతుంది, తెలియక వాడేస్తారు. ఆ తప్పు జరగకుండా పక్కన ఒక దీపం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వెలుతురు కావాలంటే దాన్ని వాడుకోవచ్చు. అదే తొమ్మిదోది, షమ్మాష్. అంటే సేవకుడు.

"మరి సేవకుణ్ణి అందరికంటే ఎత్తున ఎందుకు పెట్టారు?" అన్నాడు శరభాంకుడు, రాజసభలో పుట్టి పెరిగినవాడు కాబట్టి.

"నువ్వు ఇంకో వారం గిన్నెలు తోము, చెబుతాను" అంది సిప్పోరా.

అలా రోజులు గడిచాయి. ప్రతి ఉదయం యువరాజు ఈ రోజు దీపం ఎత్తుకుపోదామనుకునేవాడు. ప్రతి సాయంత్రం హదస్సా అతనికి విడిగా నాలుగు బూరెలు తీసి ఉంచేది. ఆరో రోజుకు దొంగతనం మాట తలపుకు కూడా రాలేదు. ఏడో రోజు ఉదయం అతను నిజం చెప్పేశాడు, తన పేరుతో, చెల్లెలి పేరుతో, దొంగ ఆలోచనతో సహా. హదస్సా ఆశ్చర్యపోలేదు. రేపు ఎనిమిదో దీపం వెలిగాక పెద్దలతో మాట్లాడదామని, ఈలోగా మూకుడు సరిగ్గా తోమమనీ అంది. రాజకుమారుడైతే మాత్రం మసి దానంతటదే వదులుతుందా అని సిప్పోరా అందుకుంది.

ఎనిమిదో సాయంత్రం వచ్చింది.

పడమటి దిక్కున సూర్యుడు కుంకుమ కలిపిన తేనెలా కరిగి సముద్రంలో ఒలికాడు. రేవులో ఓడల కొయ్యలు నల్లటి వెదురు పొదల్లా నిలిచాయి. పుష్యమాసపు చలి అలల మీంచి లేచి వీధుల్లోకి నడిచింది. నగరం తలుపులు మూసుకుని చీకటికి సిద్ధపడుతున్న ఆ వేళ, హదస్సా ఇంటికొక అతిథి వచ్చాడు.

తెల్లటి గడ్డం, నేలను తాకే అంగీ, చేతిలో వంకర కర్ర. దూర తీరాల తమవాళ్ళ ఊరి నుంచి వస్తున్నాననీ, పేరు జెరహు అనీ, ఎనిమిదో దీపం సాటివాళ్ళ ఇంట్లో చూసుకోవాలని ఆశ అనీ చెప్పాడు. పండగపూట వచ్చిన పెద్దాయన్ని ఎవరు కాదంటారు? హదస్సా మంచి ఆసనం వేయించింది. స్తుతి చెప్పి దీపాలు మీరే వెలిగించండని గౌరవంగా సేవకదీపాన్ని అందించబోయింది. ముసలాయన చేతులు వెనక్కి లాక్కుని, కంటిచూపు ఆనదని తప్పించుకున్నాడు. ఆమే స్తుతి చెప్పి, ఎనిమిదోది మొదట, మొదటిది చివర, ఎనిమిదీ వెలిగించింది. సేవకుణ్ణి తిరిగి తన ఎత్తైన చోట నిలబెట్టింది. కిటికీ నిండుగా, తొణకని ఎనిమిది మంటలు. వీధిలో చీకట్లో నడిచేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, చూసి, వెళ్ళిపోతున్నారు.

ముసలాయన బూరె తినలేదు. ఆ సంగతి శరభాంకుడికి చాలా అనుమానంగా తోచింది. ఆ బూరెల్ని వద్దనగల మనిషి లోకంలో ఉంటాడని అతను నమ్మలేకపోయాడు.

అంతలో ఆయన వేలి ఉంగరం జారి, టంగుమని నేల మీద పడి, ఎటో దొర్లిపోయింది.

ముసలాయన గొల్లుమన్నాడు. అది తన తల్లి ఉంగరమట. కళ్ళు కనపడనివాణ్ణి, ఈ దీపాల వెలుతురులో ఎవరైనా వెతికిపెట్టండర్రా అని బతిమాలాడు. సిప్పోరా వంగబోయింది. హదస్సా గబుక్కున మనవరాలి చెయ్యి పట్టుకుంది. పెద్దాయన అడుగుతున్నాడు, వేళకాని వేళ, ఏం చేయాలో ఆమెకూ తోచలేదు. ఒక్కసారి చూస్తే ఏమవుతుంది తల్లీ, ఒక్క చూపే కదా అని ముసలాయన ఇంకా దీనంగా అడిగాడు. ఆయన కళ్ళు మాత్రం నేల వైపు లేవు. ఎనిమిది మంటల వైపే ఉన్నాయి, ఆకలిగొన్నవాడి కళ్ళలా.

శరభాంకుడికి తటాలున తట్టింది. నేతగాడి దీపం, వైద్యుడి దీపం, వంటింటి దీపం, రేవు దివిటీ. మాంత్రికుడు లాక్కుపోయినవన్నీ ఎవరో ఒకరి పనిలో ఉన్న దీపాలే. ఈ ఎనిమిదీ ఎవరి పనీ చేయవు కాబట్టే వాడి పట్టుకు చిక్కడం లేదు. వీటి కింద ఎవరైనా ఒక్క పని చేస్తే, ఒక్క ఉంగరం వెతికితే, ఇవీ వాడివే.

"ఉండండవ్వా, అది సేవకుడి పని" అంటూ అతను కిటికీ దగ్గరికి రెండంగల్లో వెళ్ళి, తొమ్మిదో దీపాన్ని పిడితో సహా ఊడదీసుకుని నేల మీదికి వంచాడు.

ఉంగరం కనపడింది. దానికంటే ముందు నీడలు కనపడ్డాయి. హదస్సా నీడా సిప్పోరా నీడా పీట నీడా దీపానికి అవతలి వైపు గోడ మీద పడ్డాయి. ముసలాయన నీడ మాత్రం నేల మీద పాములా దీపం వైపే పాకుతోంది.

"తమోఘోషా" అన్నాడు శరభాంకుడు.

తెల్ల గడ్డం పొగై చెదిరింది, అంగీ పొగైంది, వంకర కర్ర పొగైంది. ఆ పొగ సుడి తిరిగి ఇల్లంతా ఊపి, కుండలు పగలగొట్టి, కిటికీలోంచి దూసుకుపోయింది. ఎనిమిది దీపాలను రాసుకుంటూ వెళ్ళినా అవి కదల్లేదు. కానీ ఇన్నాళ్ళూ స్తుతికే వాడిన సేవకదీపం ఇప్పుడు ఇంటి పనిలోకి దిగింది కదా, అది వాడి పిలుపుకు లోబడింది. దాని మంట సముద్రం వైపు ఒరిగి, బాణంలా సాగింది. ఊళ్ళో మిగతా మంటల్లా తెగిపోలేదు. తన గిన్నెను వదలనని మొరాయించి, గిన్నెను కూడా వెంట లాగింది. గిన్నె పిడిని లాగింది. పిడి శరభాంకుణ్ణి లాగింది. వదలడం అనే విద్య అతనికి చిన్నప్పటి నుంచీ రాదు.

పాగా ఒకవైపు, మనిషి ఒకవైపు. కిటికీ దాటాడు, వీధి దాటాడు, చేపల బజారు కప్పుల మీద మోకాళ్ళు గీరుకుంటూ దాటాడు. రేవులో ఒక ఓడ తెరచాపకు తగిలి, దాన్ని చీల్చుకుని అవతలికి వచ్చాడు. ఓడ కొయ్య కొన మీద కూర్చున్న నావికుడు, ఆకాశంలో దీపం పట్టుకుని పోతున్న పనివాణ్ణి చూసి మర్యాదగా పక్కకు ఒరిగాడు. వెనక నుంచి సిప్పోరా గొంతు గాలిలో తేలి వచ్చింది, ఆ దీపం పారేసి వస్తే ఊరుకోనని. కింద సుడిగుండం నోరు తెరుచుకుని హోరుమంటోంది. ముందు బురుజు కొండలా పెరుగుతోంది. దాని మీద ఉన్న ఒకే ఒక్క కిటికీ గుండా దీపమూ యువరాజూ ఒకేసారి దూరారు. దీపం సులువుగా దూరింది. యువరాజు రెండు భుజాలూ కొట్టుకుని దూరాడు.

లోపల పడ్డాక కాసేపు కళ్ళు తెరవలేకపోయాడు. అంత వెలుతురు.

గోడ పొడవునా, నేల నుంచి కప్పు దాకా, వేల గాజు కూజాలు. మూతులకు నల్లలక్క ముద్రలు. ఒక్కో కూజాలో ఒక్కో మంట. నేతగాడి మంట మగ్గం ఆడినట్టు అటూ ఇటూ ఊగుతోంది. వైద్యుడి మంట రోగి మీదికి వంగినట్టు వంగి ఉంది. వంటింటి మంటలు చిటపటలాడుతున్నాయి, రేవు దివిటీ ఒంటరిగా సముద్రం వైపు చూస్తోంది. ఆ వెలుగుల నడుమ తివాచీ మీద, దిండుకు ఆనుకుని, మకరందిక కూర్చుని ఉంది.

"మూడు నెలలన్నయ్యా" అందామె. "నడిచి వచ్చావా ఏమిటి?"

శరభాంకుడు తన పదకొండు ప్రయత్నాల గురించి చెప్పబోయాడు. ఆమె అతని ముక్కు మీది మసినీ, చేతిలోని కంచు దీపాన్నీ, మోకాళ్ళ దాకా ఉన్న పంచెనూ ఒకసారి చూసి, తర్వాత విందాంలే అంది. తనకేమీ బాధ జరగలేదని, మాంత్రికుడు రోజూ పొద్దుగుంకాక కథలు చెప్పమని కూర్చోబెడతాడని, కథ ఆగితే మొహం చిన్నబుచ్చుకుంటాడనీ చెప్పింది. మూడు నెలలకు తన దగ్గర కథలు అయిపోయాయి, నిన్నటి నుంచి అన్నయ్య చిన్ననాటి ఘనకార్యాలు చెబుతోందట.

అప్పటికే కిటికీలోంచి పొగ వచ్చి మనిషి రూపం కట్టుకుంటోంది. శరభాంకుడు ఒక కూజా ఎత్తి నేలకేసి కొట్టాడు. అది బంతిలా ఎగిరి వచ్చి అతని నుదుటికే తగిలింది. రెండోది కొడితే మోకాలికి తగిలింది. మకరందిక లేచి వచ్చి, అన్న మణికట్టు పట్టుకుని, సేవకదీపాన్ని ఒక కూజా మూతి దగ్గర పెట్టింది. లక్క కరిగింది. మంట బయటికొచ్చి, ఒక్క క్షణం తబ్బిబ్బై, కిటికీలోంచి తన ఇంటి వైపు ఎగిరిపోయింది.

తర్వాత జరిగిందంతా పరుగే. అన్న కింది వరసలు, చెల్లెలు అతని భుజాలెక్కి పై వరసలు. లక్క కరిగినకొద్దీ మంటలు గుంపులు గుంపులుగా, పంజరాలు తెరిచిన చిలకల్లా, రెక్కలు కొట్టుకుంటూ పోతున్నాయి. ఎన్ని ముద్రలు కరిగించినా సేవకదీపం వత్తంత కూడా తగ్గలేదు. తమోఘోషుడు ఇనుప గబ్బిలాల్ని వదిలాడు. శరభాంకుడు తివాచీ ఎత్తి వాటిని చుట్టచుట్టి కిటికీలోంచి విసిరాడు. మాంత్రికుడు నల్లత్రాచుల్ని వదిలాడు. మకరందిక ఖాళీ కూజాలు బోర్లించి వాటిని ఒక్కొక్కదాన్నీ మూసింది. మాంత్రికుడి కేకల్లో కోపం తగ్గి బతిమాలుకోవడం ఎక్కువవుతోంది. వద్దు, అన్నీ వద్దు, సగం ఉంచండి, సగమైనా ఉంచండి అంటున్నాడు. చివరి వరస ఖాళీ అయింది. రేవు దివిటీ ఆఖరున, ఎర్రటి తోకతో, సముద్రం మీదుగా నగరం చేరింది. దూరాన శుక్తిపురం మేడమేడకూ వెలుగు తెరుచుకుంది. అంత దూరం నుంచీ జనం కేరింతలు సన్నగా వినపడ్డాయి.

బురుజులో చలి పుట్టింది. తర్వాత బురుజు కదిలింది.

మొదట గోడలు కీచుమన్నాయి. నేల ఒక పక్కకు వాలింది, ఖాళీ కూజాలు గలగల దొర్లాయి. మకరందిక కిటికీ పట్టుకుని బయటికి చూసింది. సుడిగుండం ఆగిపోయింది. నీళ్ళు పళ్ళెంలా నిశ్చలంగా ఉన్నాయి, కానీ తీరం వెనక్కి జరుగుతోంది. గుట్టతో సహా బురుజు లోసముద్రం వైపు నడుస్తోంది.

ఇద్దరూ మెట్లు దిగి కింది గుమ్మం దాకా పరుగెత్తారు. అక్కడ అలలకు అటువైపు నుంచి తెడ్ల చప్పుడు వినపడింది. సుడిగుండం అణగడం చూసి సిప్పోరా పడవ వేసుకుని వచ్చేసింది. తాడు విసిరింది. తడబడకుండా పట్టుకోండి, గుట్ట వేగం పెరుగుతోందని కేక వేసింది.

తాడు ఒకటే. గుమ్మం మెట్టు ఒకరికే చాలుతుంది. బురుజు వేగానికి సిప్పోరా పడవ అప్పుడే వెనకబడుతోంది. శరభాంకుడు లెక్క చూసుకోలేదు. చెల్లెలి నడుముకు తాడు బిగించి, ఆమె కాదనేలోగా నీళ్ళలోకి తోసేశాడు. ఆమె ఒకసారి మునిగి లేచింది. సిప్పోరా లాక్కుని పడవలో వేసుకుంది. రెండోసారి తాడు విసిరింది. అది మెట్టుకు బారెడు దూరంలో నీళ్ళలో పడింది. మూడోసారి రెండు బారల దూరంలో పడింది.

"దూకెయ్యి" అంది సిప్పోరా. ఆమె గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు. "దీపం పోతే పోనీ, అవ్వకు నేను చెప్పుకుంటాను. దూకెయ్యి."

దూకేవాడే. అప్పుడే వెనక మెట్ల మీద ఎవరో ఎక్కిళ్ళు పెట్టడం వినపడింది. శరభాంకుడు తిరిగి చూశాడు. తిరిగి చూసిన ఆ రెండు క్షణాల్లో పడవకూ గుమ్మానికీ మధ్య సముద్రం పెద్దదైపోయింది. సిప్పోరా తెడ్లు నీళ్ళను చీలుస్తూనే ఉన్నాయి, మకరందిక ఏదో అరుస్తూనే ఉంది, మాటలు అందలేదు. కాసేపటికి పడవ కూడా అందలేదు.

మెట్ల మలుపులో గోడకు నక్కి తమోఘోషుడు కూర్చుని ఉన్నాడు. పొగంతా ఊడిపోయాక మిగిలింది బక్కపలచని ముసలివాడు. మోకాళ్ళు కౌగిలించుకుని వణుకుతున్నాడు. ఆ దీపం కాస్త ఇటు జరపమని అడిగాడు.

"ఎందుకు, మళ్ళీ కూజాలో పెట్టుకుంటావా?" అన్నాడు శరభాంకుడు.

"కాదు నాయనా." ముసలివాడు సిగ్గుపడుతూ తల దించుకున్నాడు. "నాకు చీకటంటే భయం."

శరభాంకుడికి నవ్వు వచ్చింది, నవ్వలేదు. అతనికీ ఆ క్షణాన చీకటి మీద పెద్ద ఇష్టమేమీ లేదు. కాస్త జరిగి మెట్టు మీద చోటిచ్చి, దీపం ఇద్దరి మధ్యా పెట్టాడు. చెల్లెల్ని ఎత్తుకుపోయినవాడితో ఇలా పక్కపక్కన కూర్చోవడం ఏ రాజనీతిలోనూ లేదని తోచింది. అయినా ముసలివాడి వణుకు తగ్గేదాకా ఆగి, ఈ బురుజు ఎక్కడికి పోతోందో చెప్పమన్నాడు.

బురుజు ఎక్కడికీ పోవడం లేదని తమోఘోషుడు చెప్పాడు. బురుజుకు కాళ్ళెక్కడివి? గుట్ట పోతోంది. గుట్ట అని అందరూ అనుకునేది గుట్ట కాదు. నలభై ఏళ్ళుగా అది నిద్రపోతోంది. దాని ఊపిరే సుడిగుండం. నిద్ర చెదరకుండా ఉండాలంటే వీపు వెచ్చగా ఉండాలి. ఇన్నాళ్ళూ తన నెగడుతో ఎలాగో వెచ్చగా ఉంచుకొచ్చాడు. ఈ ఏడు చలి ముందుగానే ముదిరింది, నెగడు చాలలేదు. ఊరి దీపాలు కావలసి వచ్చాయి. తీసుకోవడం మొదలుపెట్టాక, ఆ వెలుగు మధ్య కూర్చోవడం అలవాటై, ఎక్కడ ఆపాలో తెలియలేదు. అడిగి ఉంటే ఊరివాళ్ళు కట్టెలైనా ఇచ్చేవాళ్ళేమోనన్నాడు శరభాంకుడు. అడగాలని తోచలేదన్నాడు తమోఘోషుడు. యువరాజు దీపాన్ని ఇంకాస్త ముసలివాడి వైపు జరిపాడు.

"అది లేస్తే ఏం తింటుంది?" అని అడిగాడు.

"నలభై ఏళ్ళ కిందట ఒక ద్వీపాన్ని తింది."

మెట్ల కింద నీళ్ళు పొంగాయి. గుమ్మం ముందు, చేతికందేంత దూరంలో, నల్లరాయి అనుకున్నది రెండుగా విడిపోయింది. ఆ చీలికలోంచి తెప్పంత పసుపురంగు కన్ను మెల్లగా తెరుచుకుంది. అది ముందు ముసలివాణ్ణి చూసింది. ఆ తర్వాత శరభాంకుణ్ణి చూసి, రెప్ప వేయకుండా, అతని మీదే నిలిచిపోయింది.